కుదురులేని పిల్లలు - తోడు వచ్చే చిక్కులు

"మావాడు ఒక్క క్షణం ఒకచోట కూర్చోడండీ! కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూనే ఉంటాడు" అని మనలో ఎంతమంది అనుకోరు? పిల్లలన్నాక అల్లరి చేస్తారు. అల్లరి చెయ్యకుండా ఓ మూల కూర్చున్న పిల్లవాణ్ణి చూస్తేనే మన పెద్దవాళ్ళు ఒంట్లో బాగాలేదేమోనని నుదుటిమీద చెయ్యివేసి చూసేవారు. నేనీవేళ మీతో చెప్పదలుచుకున్నది ఆ మామూలు అల్లరి సంగతి కాదు.

కొందరు పిల్లలకి మనసు ఒక పనిమీద నిలవదు. చేతులూ కాళ్ళూ ఊరుకోవు. ఎదుటివాళ్ళు ప్రశ్న పూర్తిచెయ్యకముందే జవాబు చెప్పేస్తారు, తమ వంతు వచ్చేదాకా ఆగలేరు. ఇవాళ పెన్సిలు, రేపు టిఫిను డబ్బా, ఎల్లుండి ఏకంగా పుస్తకాల సంచీ ఎక్కడో మరిచిపోయి వస్తారు. ఇదంతా ఇంట్లోనే కాదు, బళ్ళోనూ ఇలాగే ఉండి, పన్నెండేళ్ళలోపే మొదలై, ఆరునెలలు దాటినా తగ్గకుండా చదువుకీ స్నేహాలకీ అడ్డుపడుతూ ఉంటే దాన్ని డాక్టర్లు ఏడీహెచ్‌డీ అంటారు. నూటికి సుమారు అయిదుగురు పిల్లల్లో ఇది ఉంటుంది. ఆడపిల్లల్లో తరచు అల్లరి ఉండదు, పరధ్యానమే ఉంటుంది. కిటికీలోంచి చూస్తూ కూర్చునే అమ్మాయి ఎవరినీ విసిగించదు కనుక ఆ పిల్ల సంగతి ఎవరికీ పట్టదు.

ఈ పేరు ఈ మధ్య చాలామంది విన్నారు. పేపర్లలో వస్తోంది, బళ్ళలోనూ అంటున్నారు. కాని దీని గురించి మనకి ఎవరూ గట్టిగా చెప్పని సంగతి ఒకటి ఉంది. ఇది ఒంటరిగా రావడం తక్కువ. గోరుచుట్టుమీద రోకటిపోటు అన్నట్టు, దీనితోపాటు ఇంకో చిక్కో రెండు చిక్కులో కలిసి వస్తాయి. అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశీలన ఫలితాలు 1999లో వెలువడ్డాయి. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ వయసున్న 579 మంది పిల్లలకి 14 నెలలపాటు వైద్యం చేసి చూశారు. ఏడీహెచ్‌డీ తప్ప మరే ఇబ్బందీ లేని పిల్లలు వాళ్ళలో ఇంచుమించు మూడోవంతే! మిగిలినవాళ్ళకి మొండిగా ఎదురుతిరగడమో, విపరీతమైన బెంగో, ఇంకొకటో కూడా ఉన్నాయి. మనం మాత్రం అన్నిటికీ కలిపి "అల్లరి" అని ఒకే పేరు పెట్టి ఊరుకుంటాం. చిక్కంతా అక్కడే వస్తుంది.

ఈ మాట నాకు పుస్తకంలో చదివితే తెలిసింది కాదు. ఇరవై రెండేళ్ళు ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేశాను. ఎంతమంది పిల్లల డైరీల్లోనో ఎర్రసిరాతో "క్లాసులో శ్రద్ధ లేదు. తల్లిదండ్రులు గమనించవలెను" అని రాశాను. 2011లో మా రెండోవాడు మూడో తరగతిలో ఉండగా వాడి డైరీలో సరిగ్గా అదే వాక్యం వచ్చింది. వాడు చదివేది వేరే బడి, రాసిన టీచరు వేరే ఆవిడ. వాక్యం మాత్రం నాదే!

డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాం. ఏడీహెచ్‌డీ అన్నారు. వాడితో ఎలా మాట్లాడాలో, పనులు ఎలా చేయించాలో మాకు నేర్పారు, ఒక మందు కూడా రాశారు. ఓ నెల గడిచేసరికి వాడు అరగంటసేపు కుర్చీలో కూర్చోగలిగాడు. నేను పొంగిపోయాను. అయితే ఏం లాభం? కూర్చుంటున్నాడు గాని చదవడే! పుస్తకం తియ్యగానే దాహం అంటాడు, కడుపునొప్పి అంటాడు, చివరికి పుస్తకాన్ని విసిరికొడతాడు. "మందు వేస్తున్నాం, కూర్చోగలుగుతున్నాడు, ఇంకా చదవడంటే ఇది ఒట్టి పొగరే" అనుకున్నాను. దండం దశగుణం భవేత్ అని మా మామగారు ఎలాగూ అంటూనే ఉన్నారు. ఒకరోజు స్కేలుతో కొట్టాను. చెయ్యి వాచింది.

ఆ తరవాత వారమనుకుంటాను. నేను వంటింట్లో పోపు వేస్తున్నాను. హాల్లోంచి వాడు పాఠం చదువుతున్న గొంతు వినిపిస్తోంది. ఎక్కడా తడబాటు లేదు. సంతోషం పట్టలేక చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చూద్దును గదా, వాడి ఒళ్ళో పుస్తకం వేరే పాఠం దగ్గర తెరిచి ఉంది! వాళ్ళక్క ముందురోజు పైకి చదువుతుంటే విని, పాఠమంతా నోటికి పట్టేశాడు. ఎదురుగా ఉన్న పేజీలో ఒక వాక్యం చూపించి చదవమన్నాను. మొదటి అక్షరం చూసి మాట ఊహించాడు. రెండో మాట దగ్గర ఆగిపోయాడు. నా ముఖంకేసి చూసి చెయ్యి వెనక్కి దాచుకున్నాడు.

ఇరవై రెండేళ్ళు అ ఆ లు దిద్దించినదాన్ని. నా ఇంట్లో పిల్లవాడికి చదవడం రాదని మూడో తరగతిదాకా నేను కనిపెట్టలేదు.

దీన్ని డిస్‌లెక్సియా అంటారు. 2007లో వచ్చిన 'తారే జమీన్ పర్' అనే హిందీ సినిమా చూసినవాళ్ళకి ఈ మాట గుర్తుండే ఉంటుంది. తెలివితేటలకి లోటుండదు, చూపూ వినికిడీ సరిగ్గానే ఉంటాయి, అక్షరాన్ని చూసి దాని శబ్దాన్ని చప్పున పట్టుకోవడం దగ్గరే ఇబ్బంది. మన తెలుగులో గుణింతాలూ ఒత్తులూ ఎక్కువ కదా! 'ప'కీ 'ష'కీ, 'వ'కీ 'మ'కీ తేడా తెలియక తికమకపడతారు, ఒత్తు మింగేస్తారు, ఒక వరస చదివి కింది వరస వదిలేస్తారు. అయిదారేళ్ళ పిల్లలు ఇలా చేస్తే కంగారు పడక్కర్లేదు, అందరూ చేసేదే. రెండో తరగతి దాటి, మూడో తరగతికి వచ్చినా అలాగే ఉంటే మాత్రం పరీక్ష చేయించాలి. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో సుమారు ముగ్గురిలో ఒకరికి ఇలా చదవడంలోనో, రాయడంలోనో, లెక్కల్లోనో ఇబ్బంది ఉంటుంది. మందు పిల్లవాణ్ణి కూర్చోబెడుతుంది గాని అక్షరాలు నేర్పదు. అవి నేర్పడానికి ప్రత్యేకమైన పద్ధతులున్నాయి, వాటిలో శిక్షణ పొందిన టీచర్లున్నారు. మావాడికి ఆ పాఠాలు రెండేళ్ళు పట్టాయి.

ఇందులో ఇంకో సంగతి ఉంది, కొంచెం శ్రద్ధగా వినండి. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలను పేర్కొన్నారు. చదువు నేర్చుకోవడంలోని ఈ ప్రత్యేక లోపం, ఆటిజం అందులో ఉన్నాయి. ఏడీహెచ్‌డీ పేరు లేదు. పరీక్షల్లో అదనపు సమయం, చెప్పింది రాసిపెట్టే మనిషి లాంటి సదుపాయాలు డిస్‌లెక్సియా ఉన్న పిల్లలకి బోర్డులు ఇస్తున్నాయి. రెండో చిక్కుని గుర్తించకపోతే పిల్లవాడు తనకి రావలసింది అడగడానికి కూడా వీలుండదన్నమాట.

ఇక మొండితనం. పైన చెప్పిన పరిశీలనలో నూటికి 40 మంది పిల్లల్లో ఇది కనిపించింది. వయసుకి తగిన మారాం కాదిది. ప్రతి మాటకీ ఎదురు చెప్పడం, కావాలని రెచ్చగొట్టడం, తప్పు ఎప్పుడూ అవతలివాళ్ళదే అనడం, నెలల తరబడి ఇదే వరస. "మొక్కై వంగనిది మానై వంగునా" అని మనం కర్ర తీస్తాం. కొట్టినకొద్దీ ఈ మొండితనం పెరుగుతుందే తప్ప తగ్గదు. డాక్టర్లు దీనికి ముందు పిల్లవాడికి కాదు, తల్లిదండ్రులకి శిక్షణ ఇస్తారు. వినడానికి చిన్నతనంగా ఉంటుంది, నాకూ ఉండేది. మనం వంటింట్లోంచి ఎలా కేకేస్తామో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. "బూట్లు తీసి అక్కడ పెట్టు, కాళ్ళు కడుక్కో, పాలు తాగు, హోంవర్కు తియ్యి!" నాలుగు పనులు ఒక్క గుక్కలో! ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడి బుర్రలో మొదటిది ఒక్కటే నిలుస్తుంది, అదీ నిలిస్తే. మూడు నిమిషాల తరవాత మనం వచ్చి చూసి "చెప్పిన మాట ఒక్కటీ వినవు కదా" అంటాం. వాడికి నిజంగానే కోపం వస్తుంది. దగ్గరికి వెళ్ళి, భుజంమీద చెయ్యివేసి, ఒక్క పని చెప్పి, అది చెయ్యగానే ఆ నిమిషమే మెచ్చుకుని, తరవాత రెండోది చెప్పండి. రోజుకి పదిసార్లు ఇలా తిరగాలంటే కాళ్ళు పీకుతాయి, నిజమే. మా ఇంట్లో మాత్రం రోజూ సాయంత్రం జరిగే యుద్ధం వారానికి రెండుసార్లకి దిగింది.

మొండితనం అందరికీ వినబడుతుంది. బెంగ వినబడదు. బడికి వెళ్ళే రోజునే కడుపునొప్పి, ఆదివారం రాత్రి నిద్రపట్టకపోవడం, "నువ్వు వస్తావుగా, తప్పకుండా వస్తావుగా" అని అడిగిందే అడగడం, ఒక్క అక్షరం తప్పుపోతే పేజీ చింపేయడం, ఇవన్నీ బెంగకి గుర్తులు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని నవ్వేస్తాం. మనసులో భయం తిరుగుతూ ఉంటే పాఠం మీద దృష్టి ఎలా నిలుస్తుంది? కొందరికి బెంగ వల్లనే పరధ్యానం వస్తుంది. కొందరికి పరధ్యానం వల్ల రోజూ తిట్లుతిని బెంగ పట్టుకుంటుంది. ఏది ముందో తేల్చడానికి డాక్టరు అడిగే ప్రశ్నలకి జవాబు తెలిసింది మనకే. ఆ 1999 పరిశీలనలోనే ఒక మంచి సంగతి తేలింది: బెంగ కూడా ఉన్న పిల్లలకి మాటల ద్వారా, అలవాట్ల ద్వారా ఇచ్చే శిక్షణ బాగా పనిచేసింది. వీళ్ళు ఆశలేని పిల్లలు కారు.

పదమూడు, పధ్నాలుగేళ్ళు వచ్చాక ఈ బెంగే దిగులుగా మారవచ్చు. ఎప్పుడూ గెంతే పిల్లవాడు గది తలుపు వేసుకుని కూర్చుంటే "హమ్మయ్య, బుద్ధి వచ్చింది" అనుకునేరు! "నేను లేకపోతే మీ అందరికీ హాయి" లాంటి మాట పిల్లల నోట వచ్చిందంటే అది ఉత్తిమాటగా తీసుకోకండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం టెలీ మానస్ అని ఫోను సహాయం మొదలుపెట్టింది. నంబరు 14416. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు.

నిద్ర సంగతి తల్లులం మనం తప్ప ఎవరూ చెప్పలేం. నిద్ర చాలకపోతే పెద్దవాళ్ళం తూగుతాం. పిల్లలు తూగరు, ఇంకా ఎక్కువ గెంతుతారు, చిరచిరలాడతారు. కనుక రాత్రి పిల్లవాడు గురక పెడుతున్నాడా, నోరు తెరిచి నిద్రపోతున్నాడా, మధ్యలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడుతున్నాడా చూడండి. టాన్సిల్సూ అడినాయిడ్సూ వాచి ఊపిరికి అడ్డుపడితే అలా ఉంటుంది. ఇలాంటి ఇబ్బంది ఉన్న 464 మంది పిల్లల్ని పరీక్షించిన అధ్యయనం ఒకటి 2013లో అమెరికాలో వెలువడింది. ఆపరేషను చేసిన పిల్లల్లో నిద్రా, ప్రవర్తనా మెరుగయ్యాయి. ఏకాగ్రతని కొలిచే పరీక్షలో మాత్రం చేయించుకోనివాళ్ళకీ వీళ్ళకీ పెద్ద తేడా లేదు. కాబట్టి "టాన్సిల్స్ తీసేస్తే అన్నీ పోతాయి" అని ఎవరన్నా అంటే నమ్మి తొందరపడకండి, అలాగని గురకని వదిలెయ్యనూ వద్దు. పడుకున్నాక కాళ్ళు జిల్లుమంటున్నాయి, లాగుతున్నాయి అని పొర్లే పిల్లల్లో కొందరికి ఒంట్లో ఇనుము తక్కువై ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో అయిదేళ్ళలోపు పిల్లలు నూటికి 67 మందికి రక్తహీనత ఉందని తేలింది. అంచేత రక్తపరీక్ష అడగండి. పరీక్ష లేకుండా ఇనుము టానిక్కు మాత్రం సొంతంగా పొయ్యకండి.

మా ఆడపడుచు కొడుకు కళ్ళు అదేపనిగా ఆర్పేవాడు. కంటి డాక్టరు రెండుసార్లు చుక్కలమందు ఇచ్చాడు. మా అత్తగారు ఎండుమిరపకాయలూ ఉప్పూ తీసుకుని దిష్టి తీశారు. కళ్ళు ఆర్పడం తగ్గి భుజం ఎగరెయ్యడం మొదలైంది, అది తగ్గి గొంతు సవరించుకోవడం వచ్చింది. వీటిని టిక్స్ అంటారు. పిల్లవాడు కావాలని చేసేవి కావు. "ఆపు, ఆపు" అన్నకొద్దీ ఎక్కువవుతాయి, చూడనట్టు ఊరుకుంటే చాలామందిలో వాటంతటవే వస్తూ పోతూ తగ్గుతాయి. ఇలాగే ఏడేళ్ళు దాటినా చొక్కా గుండీలు పెట్టుకోలేక, బూటు లేసు కట్టలేక, అన్నం కలపలేక అవస్థపడేవాళ్ళుంటారు. వాళ్ళది బద్ధకం కాదు, చేతికీ మెదడుకీ పొందిక కుదరకపోవడం. రాత్రిళ్ళు పక్కతడపడం కూడా ఈ పిల్లల్లో ఎక్కువే, దానికి సిగ్గుపరచడం శుద్ధ తప్పు. ఇంకొకటి. మాట్లాడుతూ మాట్లాడుతూ కొన్ని సెకన్లు శిలలా ఆగిపోయి, పిలిచినా తాకినా పలకకుండా, మళ్ళీ ఏమీ జరగనట్టు మొదలుపెట్టే పిల్లల్ని చూసి పరధ్యానం అనుకుంటాం. అది ఒక రకం మూర్ఛ కావచ్చు. వెంటనే డాక్టరుకి చెప్పాలి.

ఆటిజం మాట కూడా చెప్పాలి. 2013 దాకా డాక్టర్లు వాడే అమెరికా నిర్ధారణ గ్రంథంలో ఆటిజం ఉన్న పిల్లలకి ఏడీహెచ్‌డీ అని కూడా రాయకూడదని నియమం ఉండేది. ఆ ఏడు దాన్ని తీసేశారు. ఇప్పుడు రెండూ ఒకే పిల్లవాడికి ఉండవచ్చని ఒప్పుకున్నారు. అంతకుముందు ఒక పేరు పడ్డ పిల్లలకి ఈ రెండోది కూడా ఉందేమో ఒకసారి అడిగి చూడటం మంచిది.

ఇంత చెప్పాక మీరడగబోయేది నాకు తెలుసు. "ఇదంతా మా పెంపకంలో లోపమా?" అని. కాదు. ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం పాలు చాలా ఎక్కువ, మనిషి ఎత్తులో ఎంత ఉంటుందో దాదాపు అంత. మావారు చిన్నప్పుడు ఏడాదికి నాలుగు గొడుగులు పారేసేవారని మా అత్తగారు మురిసిపోతూ చెబుతారు, అదే పని మనవడు చేస్తే మాత్రం తప్పు కోడలి పెంపకానిది! తీపి ఎక్కువ తింటే పిల్లలకి ఈ గెంతులు వస్తాయన్నదీ నిజం కాదు. 1990లలోనే పరీక్షలు చేసి చూశారు, చక్కెర వల్ల ప్రవర్తనలో మార్పేమీ కనబడలేదు. పళ్ళు పుచ్చుతాయని లడ్డూ మానిపించండి గాని, దీనికోసం వద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు కన్నూ చెవీ పరీక్ష చేయించండి. ఓ చిన్న నోటుబుక్కులో రెండువారాలపాటు రాసిపెట్టండి: ఎన్నింటికి పడుకున్నాడు, గురక ఉందా, గొడవ ఏ సబ్జెక్టు దగ్గర మొదలవుతోంది, కడుపునొప్పి ఏయే రోజుల్లో వస్తోంది, బళ్ళో ఏమన్నారు. లెక్కల దగ్గర గంట కూర్చునే పిల్లవాడు తెలుగు వాచకం తియ్యగానే పారిపోతున్నాడంటే ఆ ఒక్క ముక్క డాక్టరుకి ఎంతో ఉపయోగం. ఒక పేరు చెప్పి మందు రాసివ్వగానే లేచి వచ్చెయ్యకండి. "దీనితోపాటు ఇంకేమైనా ఉందా?" అని అడగండి. ఉంటే దేనికి ముందు వైద్యం చేస్తారో అడగండి. దిగులు ముదిరితే దానిని ముందు చూస్తారు, చదువులో లోపానికి పాఠాలు మందుతోపాటే మొదలుపెట్టవచ్చు. ఆరేళ్ళలోపు పిల్లలకైతే సాధారణంగా మందుకన్నా ముందు తల్లిదండ్రుల శిక్షణ.

ఎక్కడికి వెళ్ళాలంటారా? 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టిన దగ్గర్నుంచి పద్ధెనిమిదేళ్ళదాకా పిల్లల్ని ఉచితంగా పరీక్షిస్తారు. ఏడీహెచ్‌డీ, చదువులో లోపాలు, ఆటిజం ఆ జాబితాలో ఉన్నాయి. దీనికోసం జిల్లాల్లో సత్వర చికిత్సా కేంద్రాలు పెట్టారు. హైదరాబాదు ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలున్నాయి, బెంగుళూరు నిమ్‌హాన్స్‌లో పిల్లలకి ప్రత్యేక విభాగమే ఉంది. "అక్కడికా!" అని గుండె గతుక్కుమంటుంది, నలుగురూ ఏమనుకుంటారో అనిపిస్తుంది. నేనూ మొదటిసారి వాడికి జ్వరమని చెప్పి సెలవు పెట్టి తీసుకువెళ్ళాను.

మావాడు ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. వారానికోసారి బండి తాళాలు వెతుక్కుంటాడు. పెద్ద రిపోర్టులైతే ఫోనులో పైకి చదివించుకుని వింటాడు. స్కేలు సంగతి వాడికి గుర్తుందో లేదో నేను అడగలేదు.

ఆ సంవత్సరం నేను బళ్ళో ఒక పని మొదలుపెట్టాను. డైరీలో ఎర్రసిరాతో రాసే ముందు, ఆ పిల్లవాణ్ణి నా బల్ల దగ్గరికి పిలిచి, ఇంకా చెప్పని పాఠంలోంచి నాలుగు వాక్యాలు మెల్లిగా చదవమనేదాన్ని. నలభైమంది ఉన్న ఆ క్లాసులో ముగ్గురు చదవలేకపోయారు. వాళ్ళ డైరీలు వెనక్కి తిప్పి చూశాను. మూడింటిలోనూ "శ్రద్ధ లేదు" అని నా చేతిరాతే ఉంది.